పిల్లలతో సాగర్ వెళ్ళొచ్చా, అక్కడ పార్కులు ఎలా ఉంటాయి?

"విజయవాడ నుంచి పిల్లల్ని తీసుకుని నాగార్జునసాగర్ వెళ్దామనుకుంటున్నాం, డ్యాం చుట్టుపక్కల పార్కులు బాగుంటాయా, అంతా చెత్తేనట కదా" అని అడిగారు. మాది గుంటూరు బ్రాడీపేట అండి, ఇంటికి చుట్టాలొస్తే సాగర్ తిప్పే డ్యూటీ నాదే, అందుకని చెప్తున్నా.

వెళ్ళండి, బాగుంటుంది. ఆగస్టు, సెప్టెంబర్‌లో గేట్లెత్తారని తెలియగానే జనం ఎగబడతారు, 26 గేట్లూ ఎత్తితే రెండు కళ్ళూ చాలవు గానీ ఆ ఆదివారాలు ట్రాఫిక్‌లో పిల్లలు ఏడ్చేస్తారు, వీలైతే మామూలు రోజు పెట్టుకోండి.

ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి, గేట్లు మూసున్నాయి కదా అని డ్యాం కింద రాళ్ళ మీదకి దిగొద్దు. గేట్లతో పని లేకుండానే నీళ్ళొస్తాయి. మెయిన్ పవర్ హౌస్‌లో 8 యూనిట్లు, 815 మెగావాట్ల పైనే, కరెంటు వాడకం పెరిగి యూనిట్ ఆన్ చేస్తే దిగువన నీళ్ళు పెరుగుతాయి. వాటిలో 7 రివర్సిబుల్ రకం, కింద టెయిల్ పాండ్‌లో, అంటే డ్యాం దిగువన నీళ్ళు ఆపే చిన్న జలాశయంలో, నీళ్ళుంటే మళ్ళీ పైకి తోడగలవు కూడా, ఇక ఒడ్డున కూర్చుని ఏరు ఎప్పుడెలా ఉంటుందో మనమేం చెప్తాం.

చెత్త సంగతి నిజమే. పోయినసారి సాగర్ దగ్గరున్న ఎత్తిపోతల జలపాతం దగ్గర ఒక కోతి ఎవరిదో చిప్స్ ప్యాకెట్ లాక్కుని, మూల పళ్ళతో కొరికి, మొత్తం తిన్నాక కవర్ తిరగేసి ఉప్పు కూడా నాకి రెయిలింగ్ అవతలకి వదిలేసింది. దానికంటే తెలీదు, పక్కనే నుంచున్న పెద్దమనిషి తిన్న పేపర్ ప్లేట్లు కూడా అటే విసిరాడు! కింద మొసళ్ళ పెంపకం కేంద్రం ఉందండి బాబూ. ఆ జలపాతం దూకే చంద్రవంక వాగు పోయి కృష్ణలో కలుస్తుంది, కృష్ణ పులిచింతల దాటి మీ ప్రకాశం బ్యారేజీకే వస్తుంది, మీరు తాగేదీ అవే, మా గుంటూరుకి ఉండవల్లి నుంచి తోడేదీ అవే.

తప్పంతా జనానిదే అనను. డ్యాం నీళ్ళలో లోయ మునిగిపోయేలోపు 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికిన బౌద్ధ కట్టడాలు కొన్నిటిని ఇప్పుడు జలాశయం మధ్య దీవిలా ఉన్న నాగార్జునకొండ పైకి, కొన్నిటిని ఒడ్డునున్న అనుపుకి తెచ్చి మళ్ళీ పేర్చారు. అప్పట్లో అంత ఓపిక పట్టినచోట ఇప్పుడు డస్ట్‌బిన్ నిండితే ఖాళీ చేసే దిక్కుండదు, ఇక అది కోతులకి బఫే. నన్నడిగితే నీళ్ళతో కరెంటు తీసే చోట ఒడ్డు, అడవి చూసుకోవడం కూడా ప్లాంటు ఖర్చులోనే ఉండాలి.

మీ కారులో ఒక పెద్ద సంచి పడేసుకోండి, తిన్నవన్నీ అందులో వేసి ఇంటికే తెచ్చేయండి. కొండకి లాంచీ విజయపురి సౌత్ నుంచి, పొద్దున్నే వెళ్తే ఎండ తగలదు, గాలి ఎక్కువుంటే ఆపేస్తారు. శుక్రవారం మాత్రం పెట్టుకోకండి, కొండ మీద మ్యూజియం సెలవు.