చెమ్మ గోడకి మళ్ళీ పుట్టీ పెట్టించకండి

అండీ, భీమవరంలో పాత ఇల్లు, హాల్లో గోడ కింద మూడడుగుల దాకా పెయింట్ ఉబ్బి తెల్ల పొడి రాలుతోంది, పుట్టీ పెట్టించి డ్యాంప్ ప్రూఫ్ వేయించినా మళ్ళీ అదే అన్నారు కదా. ఆ తెల్లది బూజు కాదు, ఉప్పు. ఇటుక నేలలోంచి నీళ్ళు పీలుస్తుంది, గోడ ఆరేటప్పుడు ఆ నీళ్ళలోని ఉప్పు పైకొచ్చి ప్లాస్టర్ని తోసేస్తుంది, మీద ఎంత ఖరీదైన పెయింట్ వేసినా ఆగదు.

ముందు బయట చూడండి, రోడ్డు లేపీ లేపీ మట్టి మీ ఫ్లోరింగ్ కన్నా ఎత్తుకొచ్చిందేమో, అవతల బాత్రూం ఉంటే పైపు లీకేజీ కూడా. అది తేలకుండా లోపల రూపాయి పెట్టకండి. పునాది మీద డీపీసీ (నేల చెమ్మ గోడలోకి ఎక్కకుండా వేసే పొర) లేకపోతే గోడ అడుగున రంధ్రాలేసి చెమ్మని ఆపే కెమికల్ ఎక్కించాలి, ఖర్చే మరి.

తర్వాత చెమ్మ గీతకి ఇంకో అడుగు పైదాకా ఇటుక కనబడేలా ప్లాస్టర్ కొట్టించి, జాయింట్లు గీకించి, ఉప్పుని పొడి వైర్ బ్రష్‌తోనే దులపండి, నీళ్ళతో కడిగితే కరిగి మళ్ళీ లోపలికే పోతుంది. ఇక ఫ్యాన్ పెట్టి ఆరనివ్వడమే, వారాలు పడుతుంది, మేస్త్రి తొందరపెడతాడు, వినకండి. ప్లాస్టర్‌కి 1:4 మాలు (ఒక వంతు సిమెంటు, నాలుగు వంతులు ఇసుక), ఉప్పు లేని ఏటి ఇసుక, వాటర్‌ప్రూఫ్ లిక్విడ్ డబ్బా మీద రాసినంతే (మామూలుగా 50 కిలోల సిమెంటు బస్తాకి 200 మి.లీ.). వారం క్యూరింగ్ (ప్లాస్టర్‌ని నీళ్ళతో తడుపుతూ ఉండాలి), నెల ఆరాక సున్నం కొట్టించండి, గోడకి గాలాడుతుంది. ఆయిల్ పెయింట్ మాత్రం వద్దు.