భూమి వెంట వెళ్తే ఆమె కనిపిస్తుంది

తెనాలి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

లీడ్స్ నుంచి నువ్వు పంపిన ఆరు పేజీలూ అందాయి. రెండుసార్లు చదివాను. పగలంతా ఆఫీసు పని చేసి, వంట చేసుకుని, రాత్రి పదింటికి కూర్చుని ఎప్పుడో మూడు వందల ఏళ్ల నాటి యార్క్‌షైర్ భూస్వామిని గురించి తెలుగులో నవల రాయాలనుకున్నావు చూడు, ఆ పట్టుదల చూస్తే నాకు ఎంతో సంతోషంగా ఉంది. అందుకే ఏదీ దాచకుండా రాస్తున్నాను.

ముందు మూడో పేజీ సంగతి. నీ కథానాయిక కిటికీ పక్కన కూర్చుని రాట్నం వడుకుతోంది. వీలునామాలో ఆమె పేరు పక్కన 'స్పిన్‌స్టర్' అని చూసి ఆ దృశ్యం కట్టావని అర్థమైంది. ఆ మాట వడకడంలోంచే పుట్టింది, నిజమే. కానీ నువ్వు రాస్తున్న కాలానికి అది చేతిపని పేరు కాదు. మగవాడి పేరు పక్కన 'జెంటిల్‌మన్' అనో 'యోమన్' (సొంత భూమి ఉన్న రైతు) అనో రాసే చోట పెళ్లికాని స్త్రీకి రాసే హోదా అది. వందల ఎకరాలున్న ఆమెకూ అదే మాట, పూట గడవని ఆమెకూ అదే మాట. దస్తావేజులో ఆ మాట కనిపిస్తే, ఈమె సంతకం ఈమెదే అని అర్థం. పెళ్లయిన స్త్రీకి అక్కడి చట్టం వేరే ఉనికి ఇవ్వలేదు, భర్తలో కలిపేసింది. మామూలుగా ఆమె తన పేర కౌలుకివ్వలేదు, దావా వేయలేదు, భర్త ఒప్పుకోకుండా వీలునామా రాయలేదు. ఆ కట్టు చాలావరకు సడలడానికి పెళ్లయిన స్త్రీల ఆస్తి గురించిన 1882 చట్టం రావలసి వచ్చింది. పెళ్లికాని స్త్రీకి, భర్త పోయిన స్త్రీకి మాత్రం ఈ పనులన్నీ చేసుకునే హక్కు ఉండేది. కాబట్టి రాట్నం తీసెయ్. ఆ చోట ఒక బల్ల, దాని మీద కౌలు లెక్కల పుస్తకం పెట్టు.

నాలుగో పేజీలో ఇంకో చిక్కుంది. ఒక ఉత్తరంలో ఆమెను 'మిసెస్' అన్నారు కాబట్టి మధ్యలో ఎప్పుడో రహస్యంగా పెళ్లయి ఉంటుందని ఊహించావు. మన పాత కాగితాల్లో 'కుమారి', 'చి.ల.సౌ.', 'గం.భా.స.' అని పేరుకు ముందే సంగతంతా తెలిసిపోతుంది. ఆ అలవాటుతో ఇంగ్లండ్ కాగితాలు చదవకు. 18వ శతాబ్దంలో అక్కడ 'మిసెస్' అంటే ఇంటికి యజమానురాలు, మర్యాదస్తురాలు అని. పెళ్లితో దానికి నిమిత్తం లేదు.

ఇప్పుడు అసలు విషయం. వంశవృక్షంలో ఆమె పేరు కింద గీత ఆగిపోయిందని, ఇక ఏమీ దొరకడం లేదని రాశావు. పెళ్లికాని స్త్రీ దగ్గర ఆ పుస్తకాలన్నీ అంతే. 'సంతానం లేకుండా పోయింది' అని లాటిన్‌లో మూడు పొడి అక్షరాలు వేసి పక్క కొమ్మకి వెళ్లిపోతాయి. చర్చి రిజిస్టర్లు 1538 నుంచీ ఉన్నాయి గానీ అవి రాసేది బాప్టిజం, పెళ్లి, ఖననం. పెళ్లయిన స్త్రీ పెళ్లినాడు కనిపిస్తుంది, బిడ్డ పుట్టిన ప్రతిసారీ రిజిస్టరు ఆ ఇంటి గుమ్మంలోకి వస్తుంది. ఈమె రెండేసార్లు కనిపిస్తుంది, ఆ రెంటికీ మధ్య అరవై డెబ్భై ఏళ్లు. ఆ అరవై ఏళ్లూ ఆమె ఏం చేసిందో భూమి కాగితాల్లో ఉంటుంది. అందుకని ఆమెను వెతకడం కాసేపు ఆపి, ఆ భూమి చేతులు మారిన ప్రతి చోటా నిలబడి చూడు.

నేను ఇది నేర్చుకున్నది మీ ఊరికి దగ్గర్లోనే. మా అమ్మాయి బ్రాడ్‌ఫర్డ్‌లో ఉన్న రోజుల్లో హాలిఫాక్స్ పక్కన ఉన్న షిబ్డెన్ హాల్‌కి వెళ్లాను. 1420 ప్రాంతంలో కట్టిన ఇల్లు. 1826లో అది ఆన్ లిస్టర్ చేతికి వచ్చింది. ఆమె 1791లో పుట్టి 1840లో పోయింది, పెళ్లి చేసుకోలేదు. కౌలుదార్లను చూసుకుంది, బొగ్గు గనులు తవ్వించింది. ఆమెకు భూమి ఎలా వచ్చిందో చూడు. నీ కథానాయిక విషయంలోనూ మొదటి ప్రశ్న ఇదే కావాలి. ఆ రోజుల్లో వీలునామా లేకపోతే అక్కడ భూమి పెద్దకొడుక్కి పోయేది. అందువల్ల ఒక కూతురి పేర ఎస్టేటు కనిపిస్తే, ముందు ఆమె అన్నదమ్ములు ఏమయ్యారో వెతుకు. ఆన్ అన్నదమ్ములు నలుగురూ పోయారు. వాళ్లలో చివరిదాకా మిగిలిన శామ్యూల్ సైన్యంలో ఉండి 1813లో ఐర్లండ్‌లో నీళ్లలో మునిగి చనిపోయాడు. ఆ తర్వాతే పెళ్లికాని పెదనాన్న జేమ్స్ ఈమెను వారసురాలిగా చూడడం మొదలుపెట్టాడు. ఆ ఇంట్లో కుర్రవాళ్ల చావులు తెలియకుండా ఆమె దర్జాను నువ్వు రాయలేవు.

'పెదనాన్న' అన్నాను కదా, దాని కోసం నేను చాలా తంటాలు పడ్డాను. ఇంగ్లిషు కాగితం 'అంకుల్' అని ఊరుకుంటుంది. తెలుగులో రాసే మనకు అది చాలదు, జేమ్స్ ఆమె తండ్రి జెరెమీకి అన్నో తమ్ముడో తేల్చుకోవాలి. 'కజిన్' అన్న మాటైతే ఆ రోజుల్లో రక్తసంబంధం ఉన్న ఎవరికైనా వాడేవారు. మన భాష ఇలా నిలదీయడం నీకు వరం. తేల్చుకోలేని చుట్టరికం ఎదురైతే, నీ పరిశోధనలో అక్కడ ఇంకా పని మిగిలి ఉందని గుర్తు.

అదే ఇంట్లో నేను చేసిన పొరపాటు కూడా చెప్తాను. జేమ్స్ చెల్లెలు, అంటే మన ఆన్‌కి మేనత్త, ఆమె పేరూ ఆన్ లిస్టరే. ఆమెకూ పెళ్లి కాలేదు, ఆమె కూడా షిబ్డెన్‌లోనే ఉండేది, 1836లో పోయింది. ఒకే గడపలో ఒకే పేరుతో ఇద్దరు పెళ్లికాని స్త్రీలు. ఈ సంగతి గ్రహించకముందు మేనత్త సంగతొకటి మేనకోడలికి అంటగట్టి ఒక అధ్యాయం రాసేశాను. అచ్చుకు పోకముందు దొరికింది కాబట్టి సరిపోయింది. ఆ కుటుంబాల్లో నానమ్మ పేరు, అత్త పేరు పెట్టడం మన ఇళ్లలోలాగే మామూలు. ఒక కాగితంలో పేరు కనిపించగానే ఆమే అనుకోకు. తేదీ, ఊరు, వయసు, పక్కనున్న సాక్షుల పేర్లు కలిశాకే ఆమె అను. తేదీ అంటే గుర్తొచ్చింది, 1752కి ముందు ఇంగ్లండ్‌లో సంవత్సరం మార్చి 25న మారేది. 1720 ఫిబ్రవరి అని రాసి ఉంటే అది మన లెక్కలో 1721 ఫిబ్రవరి. నీ అయిదో పేజీలో తండ్రి ఖననం ఆయన వీలునామా కంటే ముందు వచ్చిపడింది ఇందువల్లే అయ్యుంటుంది, చూసుకో.

షిబ్డెన్ కాగితాల్లో నన్ను ఇప్పటికీ వదలనిది ఒక షరతు. పక్క ఎస్టేటు క్రో నెస్ట్‌కి చెందిన ఆన్ వాకర్ ఆమెకు సహచరి. 1834లో యార్క్‌లోని ఒక చర్చిలో ఇద్దరూ కలిసి ప్రసాదం తీసుకుని, దాన్ని తమ పెళ్లిగా భావించుకున్నారు. లిస్టర్ తన వీలునామాలో వాకర్‌కి, ఆమె బతికున్నంతకాలం, షిబ్డెన్ మీద హక్కు రాసింది. అయితే వాకర్ ఎవరినైనా పెళ్లాడితే ఆ రోజే చనిపోయినట్టు లెక్కగట్టి హక్కు ఆగిపోవాలని కూడా రాసింది. ఆ వాక్యం చదివి నేను చాలాసేపు పుస్తకం మూసుకుని కూర్చున్నాను. పెళ్లి చేసుకున్న స్త్రీ భూమికి సంబంధించినంతవరకు లేనట్టే అని చట్టం అంటున్న మాటనే ఆమె తన ప్రేమకు కాపలాగా పెట్టుకుంది.

వాకర్ కథలో నీకు పనికొచ్చేది ఇంకొకటుంది. ఆమె తమ్ముడు 1830లో పోయాడు. కొడుకులు లేకపోతే కూతుళ్లందరికీ సమాన వాటా అన్నది అప్పట్లో అక్కడి సూత్రం, అలా క్రో నెస్ట్ ఆస్తి ఇద్దరు అక్కచెల్లెళ్లది అయింది. అక్క ఎలిజబెత్‌కి పెళ్లయింది గనుక ఆమె వాటా మాట వచ్చినచోటల్లా భర్త పేరుంటుంది. చెల్లెలి వాటాకి చెల్లెలే. ఇదంతా పరాయి దేశపు వింత అనుకోకు. 1985లో మన ఆంధ్రప్రదేశ్ సవరణ ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతోనే వాటా ఇస్తూ, అప్పటికే పెళ్లయినవాళ్లకు వర్తించదంది. ఒకే తల్లి కడుపున పుట్టిన అక్కకు లేదు, చెల్లికి ఉంది. నేను ఆ రోజుల్లో చూసిన ఇళ్లను తలుచుకునే వాకర్ అక్కచెల్లెళ్లను అర్థం చేసుకున్నాను.

1840లో జార్జియాలోని కుతైసీలో లిస్టర్ జ్వరంతో చనిపోయింది. వాకర్ ఆ శవపేటికను హాలిఫాక్స్ దాకా తెచ్చుకుంది. 1841 ఏప్రిల్లో ఖననం. 1843లో వాకర్‌కి మతిస్థిమితం లేదని విచారణలో తేల్చారు. ఇలాంటి కాగితం నీకూ ఎదురైతే అందులో రాసినదాన్ని ఆమె స్వభావం అనుకుని నవల్లోకి ఎత్తకు. విచారణ ఎవరు కోరారు, ఆ తర్వాత భూమి ఎవరు నడిపారు అని చూసి, అప్పుడు రాయి.

నీ కథానాయికకు డైరీ లేదని బాధపడ్డావు. లిస్టర్ సుమారు 50 లక్షల మాటల డైరీ రాసింది, అందులో ఆరోవంతు గ్రీకు అక్షరాలూ గణితం గుర్తులూ కలిపిన సొంత లిపి. 1890ల్లో ఆ ఇంటి వారసుడు జాన్ లిస్టర్, స్నేహితుడు ఆర్థర్ బరెల్ కలిసి ఆ లిపిని ఛేదించారు. చదివాక బరెల్ కాల్చేయమన్నాడు. జాన్ కాల్చలేదు, దానికి నేను ఆయనకు చేతులెత్తి మొక్కుతాను. ఆ లిపిలో ఆమె స్త్రీలను ప్రేమించిన సంగతి ఉంది. ఇప్పుడు నీ అయిదో పేజీకి రా. అక్కడ ఓడ మునిగి చనిపోయిన ప్రియుణ్ణి పెట్టావు, అందుకే ఆమె పెళ్లి చేసుకోలేదన్నావు. 1880లో ఎవరైనా షిబ్డెన్ దస్తావేజులు మాత్రమే చూసి ఆన్ లిస్టర్ నవల రాసి ఉంటే, వాళ్లూ ఒక చనిపోయిన ప్రియుణ్ణి తెచ్చి పెట్టేవాళ్లు. నవలలో ఊహ వద్దనడం లేదు. కాగితం ఒత్తుగా ఉన్నచోట ఊహించు: కౌలు కట్టలేని రైతు గుమ్మంలో నిలబడ్డప్పుడు ఆమె ఏమంది, తమ్ముడి ఖననం రోజు రాత్రి ఆ ఇంట్లో దీపం ఎవరు ఆర్పారు. ఆమె ఎందుకు పెళ్లి చేసుకోలేదన్నది కాగితాలు చెప్పలేదు. నువ్వూ చెప్పకు. ప్రియుణ్ణి తీసేస్తే నవల కూలిపోతుందనిపిస్తే, ఆమె దగ్గర ఇంకా తగినంత కాలం గడపలేదన్నమాట.

ఇక వెతుకులాట. ఆమె ఊరు వేక్‌ఫీల్డ్ మేనర్, అంటే మన జమీందారీలాంటిది, దాని కిందిదే అయితే నువ్వు అదృష్టవంతురాలివి. ఆ మేనర్ కోర్టు రోళ్లు, అంటే చుట్టలుగా చుట్టిన కోర్టు రికార్డులు, 1274 నుంచి ఉన్నాయి, అవి మీ లీడ్స్ యూనివర్సిటీలోనే భద్రంగా ఉన్నాయి. కొంత భూమికి ఆ కోర్టు పుస్తకంలో నమోదే పట్టాగా ఉండేది. హక్కుదారు పోతే వారసులు వచ్చి, తాము ఎవరి బిడ్డలో చెప్పుకుని, రుసుము కట్టి పేరెక్కించుకోవలసి వచ్చేది. ఆ ఒక్క పద్దులో తండ్రి, కూతురు, పొలం పేరు మూడూ దొరుకుతాయి. 1733 దాకా అవి లాటిన్‌లో ఉంటాయి. భయపడకు, వాక్యాలు ఒకే మూసలో ఉంటాయి, పది చదివితే పదకొండోది అదే వస్తుంది. దస్తావేజుల రిజిస్ట్రీ వేక్‌ఫీల్డ్‌లో 1704లో మొదలైంది, అక్కడా అడుగు. చివరగా ఆమె తర్వాత భూమి ఎవరికి పోయిందో చూడు. చట్టబద్ధమైన దత్తత ఇంగ్లండ్‌లో 1926 చట్టం దాకా లేదు. అందుకని పిల్లలు లేనివాళ్లు కొందరు తమ ఇంటిపేరు పెట్టుకోవాలన్న షరతుతో మేనల్లుడికి రాసేవారు. వంశవృక్షంలో ఒక కుర్రవాడి ఇంటిపేరు హఠాత్తుగా మారితే, దాని వెనక ఇలాంటి మేనత్త ఎవరైనా ఉందేమో వెతుకు.

కోర్టు రోళ్లు చూడ్డానికి పెన్నుతో వెళ్లకు, పెన్సిలే లోపలికి రానిస్తారు. ఒక పూటకి ఒక రోలు చాలు. మూడో పేజీ మళ్లీ రాశాక పంపు, ఆ బల్ల మీద ఏ పొలం లెక్క విప్పి ఉందో నాకు చూడాలని ఉంది.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ