పిక్క అదిరితే పెద్ద జబ్బేనా?

ప్రశ్న: నా వయసు 34. కొన్ని వారాలుగా ఎడమ పిక్కలో కండరం అదురుతోంది. ఫోనులో వెతికితే మోటార్ న్యూరాన్ జబ్బు (కండరాలను కదిలించే నరాలు క్రమంగా పాడయ్యే జబ్బు) కావచ్చని ఉంది. అప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. బలం తగ్గిందేమోనని రాత్రిళ్ళు మునివేళ్ళ మీద లేచి నిలబడి చూసుకుంటున్నాను. నరాల బలానికని బి6 మాత్రలు మొదలుపెట్టాను. ఎమ్మారై తీయించుకోమంటారా?
– ఒక పాఠకుడు

జవాబు: మీరు రాసినదాంట్లో ఆ జబ్బును అనుమానించాల్సిన సంగతి నాకు కనిపించలేదు. అయినా కాలు పట్టి చూడకుండా లేదని తేల్చి చెప్పలేను.

ఆ జబ్బు ఏటా లక్ష మందిలో ఒకరిద్దరికి కొత్తగా వస్తుంది. కండరాలు అదరడం ఆరోగ్యంగా ఉన్నవారిలోనూ మామూలే. నిద్ర చాలకపోయినా, కాఫీ ఎక్కువైనా, ఆందోళన పెరిగినా అదురుతాయి. ఆ జబ్బులో సాధారణంగా ముందు బయటపడేది బలహీనత: కాలి చెప్పు జారిపోతుంది, చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమవుతుంది, మాట ముద్దగా వస్తుంది. ఫోను ఈ తేడా అడగదు. మీరు టైపు చేసిన రెండు మాటలకు సరిపోయేవన్నీ, అరుదైనవీ మామూలువీ కలిపి, మీ ముందు పెడుతుంది.

ఇంకో సంగతి. అలసిన కండరం మరింత అదురుతుంది. రాత్రిళ్ళు మునివేళ్ళ మీద లేస్తూ, నిద్ర మానుకుంటే పిక్క అదరక ఏం చేస్తుంది? దయచేసి ఈ రాత్రి నుంచే ఆ పరీక్ష ఆపండి.

లక్షణాలు చెబితే జబ్బు పేరు చెప్పే 23 ఆన్‌లైన్ సాధనాలను హార్వర్డ్ పరిశోధకులు పరీక్షించి, 2015లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఫలితాలు ప్రచురించారు. సరైన జబ్బు జాబితాలో మొదట వచ్చింది 34 శాతం సందర్భాల్లోనే.

మీలా భయపడేవారు ఏదో ఒక రోజు డాక్టరు దగ్గరికి వస్తారు. నాకు ఎక్కువ దిగులు, చదివి ధైర్యం తెచ్చుకుని ఇంట్లోనే ఉండిపోయేవారి గురించి. గుండె బరువెక్కితే గ్యాస్ అనుకుని మాత్ర మింగి పడుకుంటారు. మధుమేహం ఉన్నవారిలో, మహిళల్లో గుండెపోటు ఒక్కోసారి ఛాతీనొప్పి లేకుండా ఆయాసం, వికారం, చెమటలతోనే వస్తుంది. అలాంటప్పుడు వెతుకుతూ పోగొట్టుకున్న ప్రతి నిమిషమూ గుండె కండరానికి నష్టమే.

ఎమ్మారై సొంతంగా తీయించుకోవద్దు. ఏ బాధా లేనివారి వెన్ను స్కానులోనూ డిస్కు ఉబ్బు కనిపించడం మామూలే. ఆ రిపోర్టు పట్టుకుని మళ్ళీ వెతుకుతారు. ముందు జనరల్ డాక్టరును కలవండి. కండరాల బలం చూసి, మోకాలి మీద చిన్న సుత్తితో తట్టి, అవసరమైతే థైరాయిడ్, కాల్షియం పరీక్షలు రాస్తారు. బి6 మాత్రల డబ్బా వెంట తీసుకెళ్ళి చూపించండి. ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడితే అదే నరాలను దెబ్బతీసి, పాదాల్లో తిమ్మిరి తెస్తుంది.