బి.ఫార్మసీలో చేరాలా, ఫార్మ్‌.డి.లో చేరాలా?

మందుల కంపెనీలోనో మెడికల్ షాపులోనో పనిచేయాలనుకునే విద్యార్థికి నాలుగేళ్ల బి.ఫార్మసీ సరిపోతుంది, ఆసుపత్రిలో రోగుల మందుల వాడకాన్ని పర్యవేక్షించే పని కోరుకునేవారికే ఆరేళ్ల ఫార్మ్‌.డి. తగినది. రెండింటిలోనూ కన్వీనర్ కోటా సీట్లు ఈఏపీసెట్ ర్యాంకుతోనే వస్తాయి, ఎంపీసీ వారూ బైపీసీ వారూ అర్హులే కనుక, అసలు తేడా కాలంలోనూ ఖర్చులోనూ ఉంది. ఉదాహరణకు, కడప నుంచి వెళ్లి అనంతపురంలో చదవదలచిన విద్యార్థి ఒక్క ఏడాది ఫీజునే పోల్చుకుని ఫార్మ్‌.డి. ఎంచుకుంటే, మరో రెండేళ్ల హాస్టల్ భారం కూడా ఇంటిపై పడుతుంది. సందేహం ఉన్నవారు ముందు బి.ఫార్మసీ పూర్తిచేసి, తర్వాత మూడేళ్ల పోస్ట్ బాకలారియేట్ ఫార్మ్‌.డి.లో చేరవచ్చు, ఇది తొందరపాటు కన్నా ఎంతో మేలు. ఫార్మ్‌.డి. చదివితే వైద్యుడిలా రోగిని పరీక్షించి మందులు రాయవచ్చని చాలామంది తల్లిదండ్రులు నమ్ముతారు, కానీ ఆ పట్టాతో అటువంటి అధికారం రాదు.