'ఒబే' అనే మాటలో చెవి ఉంది

ఇంగ్లీషులో 'ఒబే' (obey) అంటే లొంగిపోవడమేనా, దాని లాటిన్ మూలం ఏమిటి అని అడిగారు. దాని మూలం వినడం అండీ. లాటిన్‌లో 'అవుదీరె' అంటే వినడం, 'ఒబ్' అంటే వైపుగా. రెండూ కలిసి 'ఒబోయ్‌దీరె', అంటే చెప్పేవాళ్ల వైపు చెవి పెట్టడం. ఫ్రెంచిలో 'ఒబెయిర్'గా అరిగి ఇంగ్లీషులోకి దిగేసరికి ఆ చెవి ఎవరికీ కనబడకుండా పోయింది.

నాకిది తెలిసింది మా అబ్బాయి వల్ల. రెండో తరగతిలో ఉండగా వాడి డైరీలో వారానికి రెండుసార్లు ఎర్రసిరాతో 'డిజొబీడియంట్' అని రాసి పంపేవారు. ఒకరోజు సాయంత్రం వరండాలో కూర్చుని అగ్గిపెట్టెలతో రైలు కడుతున్నాడు. అన్నానికి రమ్మని లోపలి నుంచి మూడుసార్లు పిలిచాను. తల తిప్పలేదు. వెళ్లి వీపు మీద ఒక్కటిచ్చాను. ఉలిక్కిపడి, అగ్గిపెట్టె చేతిలో అలాగే పట్టుకుని, "పిలిచావా నాన్నా?" అన్నాడు. ఆ ముఖంలో పెంకితనం ఏ కోశానా లేదు.

అప్పుడు మా అమ్మ అంది, "వాడు మూతికేసి చూస్తాడురా. నేను ఆకూవక్కా నములుతూ చెబితే వాడికి ఒక్క ముక్క అర్థం కాదు." ఇంట్లో చదువుకున్నవాళ్లం ముగ్గురం ఉన్నాం. కనిపెట్టింది ఆవిడ.

ఈఎన్‌టీ డాక్టరు పరీక్ష చేయించి కాగితం చేతిలో పెట్టారు. కుడిచెవికి ఎర్ర సున్నాలు, ఎడమచెవికి నీలం ఇంటూ గుర్తులు. చెవికి అందే అతి చిన్న శబ్దం ఎన్ని డెసిబెళ్లో (శబ్దం కొలత) చెప్పే గుర్తులవి. 15, 20 లోపు ఉండాల్సినవి కాగితం మీద కిందికి, 35 దగ్గరికి దిగిపోయి ఉన్నాయి. కర్ణభేరి వెనక జిగురులాంటి ద్రవం చేరిందట. కుక్కర్ విజిల్ వినిపిస్తుంది, టీచరు బోర్డువైపు తిరిగి చెప్పేది అందదు. అందుకే చూసేవాళ్లకి వీడు కావాలనే వినడం లేదనిపిస్తుంది. కాగితం పైన 'ఆడియోమెట్రీ' అని ఉంది, అంటే వినికిడిని కొలవడం. ఆ 'ఆడి' ఎక్కడిదా అని వెతుకుతూ పోతే 'ఒబే' దగ్గర తేలాను. బడివాళ్లు రాసిన మాటా, డాక్టరు రాసిన మాటా ఒకే వేరు నుంచి వచ్చాయి!

మనకిది కొత్తేం కాదు. 'మాట వినడు' అంటాం, 'పెడచెవిన పెట్టాడు' అంటాం. సంస్కృతంలో 'శుశ్రూష'కి మొదటి అర్థం వినాలనే కోరిక. అదే విధేయత అయింది, సేవ అయింది, ఇవాళ రోగికి చేసే పరిచర్య దాకా వచ్చింది. గ్రీకు, జర్మన్, రష్యన్ భాషల్లోనూ ఇదే తీరు. 6వ శతాబ్దంలో ఇటలీలో బెనెడిక్ట్ తన మఠంలోని సన్యాసులకు రాసిన నియమావళి 'విను నాయనా' అనే మొదలవుతుంది. మనుషులు ఎక్కడున్నా ఈ సంగతి పట్టుకున్నారని నా గట్టి నమ్మకం.

పాడుచేసింది మన బళ్లే. సెలవుచీటీ చివర 'ఇట్లు తమ విధేయుడు' అని రాయిస్తారు. ఆ మాటలో విధి ఉంది, చెవి లేదు. ప్రోగ్రెస్ కార్డులో ఒబీడియెన్స్‌కి గ్రేడులు వేస్తారు గానీ, ఏడాదికొకసారి పిల్లల చెవులు చూపించే బడి మీకెక్కడైనా కనిపించిందా? పైగా వినడం ఎప్పుడూ పిల్లల వంతే. "టీచర్ మెల్లగా మాట్లాడుతుంది నాన్నా" అని వాడు నాకు నెలల తరబడి చెబుతూనే ఉన్నాడు. విననిది నేను.

మూడు నెలలు ఆగి చూశాం. ద్రవం తగ్గలేదు. రెండు చెవుల్లోనూ గ్రోమెట్లని చిన్న గొట్టాలు పెట్టారు. ఆటోలో ఇంటికి వస్తుంటే, "ఆ టిక్ టిక్ ఏంటి నాన్నా?" అని అడిగాడు. మలుపు దగ్గర డ్రైవరు వేసిన ఇండికేటర్ అది. మర్నాడు వరండాలో మళ్లీ రైలు కడుతున్నాడు, వీపు ఇటు పెట్టి. మా అమ్మ నోట్లో ఆకూవక్కతోనే లోపలి నుంచి ఏదో అంది. నాకే సరిగ్గా అర్థం కాలేదు. వాడు తల తిప్పకుండానే, "వస్తున్నా నాయనమ్మా" అన్నాడు.