ఫైబర్ జాయింట్ల పనిలో చేరిన మేనల్లుడికి

చిరంజీవి శ్రీనివాస్‌కు మామయ్య ఆశీస్సులు.

కల్వకుర్తి వైపు ఫైబర్ జాయింట్లు వేసే పనిలో, అంటే వెలుగుతో కబుర్లు మోసే గాజు పోగుల కేబుళ్లను అతికే పనిలో చేరావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. నా ఉద్యోగమంతా రాగి కేబుళ్లతోనే గడిచింది. వాన పడితే కేబుల్లోకి నీళ్లు దిగి ఫోన్లు గరగరలాడేవి, రాగి కోసం దొంగలు తీగలు కోసుకుపోయేవారు. నీకు ఆ బాధలు లేవు. కానీ నీ గాజు పోగుకు మురికి పనికిరాదు. అది ఎందుకో తెలిస్తేనే నీ చెయ్యి తనంతట తాను జాగ్రత్త పడుతుంది.

వెలుగు మీద మాటను పంపాలన్న ఆలోచన పాతదే. గ్రాహంబెల్ 1880లోనే ఫోటోఫోన్‌తో సూర్యకాంతి మీద మాటను పంపాడు. కానీ మబ్బు పట్టినా, మంచు కురిసినా మాట అందదు. అందుకే రాగి తీగ నిలిచింది. 1950లలో పంజాబ్ బిడ్డ నరీందర్ సింగ్ కపానీ లండన్‌లో తన ప్రొఫెసర్ హాప్కిన్స్‌తో కలిసి సన్నని గాజు పోగుల కట్ట గుండా బొమ్మను పంపి చూపించాడు. 1960లో లేజర్ వచ్చింది. అయినా నాటి గాజులో ఇరవై మీటర్లు పోయేసరికే నూటికి తొంభై తొమ్మిది వంతుల వెలుగు మాయమయ్యేది.

గాజు గుణమే అంత అని చాలామంది అనుకున్నారు. ఇంగ్లండ్‌లో పనిచేస్తున్న ఇంజనీరు చార్లెస్ కావో అలా అనుకోలేదు. తప్పు గాజుది కాదు, అందులో కలిసిన మలినాలదని 1966లో తోటి ఇంజనీరు హాకమ్‌తో కలిసి లెక్కగట్టి చెప్పాడు. వెలుగు నష్టాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారు. ఆ నష్టం కిలోమీటరుకు 20 డెసిబెల్స్‌కు తగ్గితే, అంటే కిలోమీటరు పోయాక నూటికి ఒక్క వంతు వెలుగు మిగిలినా, టెలిఫోన్‌కు పనికొస్తుందన్నాడు. 1970లో అమెరికాలోని కార్నింగ్ కంపెనీలో మౌరర్, కెక్, షుల్ట్జ్ దాన్ని 17కు దించారు. నేడు నీ చేతిలోని పోగులో 1550 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న వెలుగుకు నష్టం కిలోమీటరుకు 0.2 డెసిబెల్స్ మాత్రమే. కావోకు నోబెల్ 2009లో గానీ రాలేదు. నన్నడిగితే ఎంతో ముందే రావలసింది.

ఇప్పుడు లెక్క చూడు. నీ జాయింట్ ఒక్కటే 0.2 డెసిబెల్స్ తినేసిందంటే, ఉన్న దారికి ఇంకో కిలోమీటరు అదనంగా కలిపినట్లే. అంత కష్టపడి గాజులోంచి తీసిన మలినాన్ని జాయింట్ దగ్గర నువ్వు మళ్లీ చేర్చకూడదు. పోగులో వెలుగు నడిచే నడిమి భాగం 9 మైక్రాన్లే, అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతులు తొమ్మిదే. పాలమూరు ఎండాకాలపు ఎర్రదుమ్ములో ఒక్క రేణువు చాలు, దారి మూసుకుపోవడానికి. రోడ్డు పక్క గాలిలో ఎప్పుడూ పని చేయకు. బండిలో తలుపులు వేసుకుని గానీ, చిన్న డేరా కట్టుకుని గానీ కూర్చో. పూత ఒలిచాక ఆల్కహాల్‌తో తుడిచి, ఆ తర్వాత వేలు తగలనివ్వకు. పోగును కోసే పనిముట్టు క్లీవర్‌తో కోత నిటారుగా రాకపోతే మళ్లీ కొయ్యి, అతికే మిషన్ సర్దుకుంటుందిలే అని వదలకు. అతుకును కాపాడే గొట్టం, అదే స్లీవ్‌ను, అతికే ముందే ఎక్కించు. కేబుల్లోని పోగుల రంగుల వరుస నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ అంటూ నిద్రలో అడిగినా రావాలి.

కోసిన ముక్కలు నేల మీద వదిలేయకు. అవి కంటికి కనబడవు, చర్మంలో దిగితే దొరకవు, ఆ దారిన చెప్పులు లేకుండా నడిచేవాళ్లుంటారు. మూత ఉన్న డబ్బాలో వెయ్యి. పోగు కొసలోకి కన్ను పెట్టి ఎప్పుడూ చూడకు. ఆ వెలుగు కనబడదు గానీ కన్ను పోతుంది.

మన దగ్గర మరో చిక్కు ఉంది. మిషన్ భగీరథ నీటి పైపుల కోసం తవ్విన కందకాల్లోనే చాలాచోట్ల టీ-ఫైబర్ డక్టులు, అంటే రాష్ట్ర ప్రభుత్వ ఇంటర్నెట్ కేబుళ్లు వెళ్లే గొట్టాలు వేశారు. పైపు పగిలి జేసీబీ దిగితే నీ కేబుల్‌కూ గండమే. జాయింట్ వేసిన ప్రతి ఊళ్లో పంచాయతీ వాళ్లకూ, నీళ్లు వదిలే మనిషికీ నీ నంబరు ఇచ్చి, తవ్వే ముందు ఒక్క మాట చెప్పమని బతిమాలు.

పోగులోకి వెలుగు పంపి, వెనక్కి వచ్చినదాన్ని బట్టి ఎక్కడ ఎంత నష్టమో చూపే ఓటీడీఆర్ మిషన్ రీడింగును రెండు కొసల నుంచీ తీసి సగటు చూడు, ఒక్కవైపే తీస్తే అది అప్పుడప్పుడు మోసం చేస్తుంది. దసరాకు నల్గొండ వచ్చేటప్పుడు ఆ గ్రాఫులు కొన్ని పట్టుకురా, కూర్చుని చూద్దాం.

ఇట్లు,
మీ మామయ్య