మీ ప్రశ్నలు - మా జవాబులు: పాడైన కరెంటు సామాన్లు

ప్రశ్న: స్విచ్ వేస్తే సీలింగ్ ఫ్యాన్ మూలుగుతోంది గానీ తిరగడం లేదు. కర్రతో రెక్కను తోస్తే మెల్లగా అందుకుంటుంది. మోటారు పోయింది, కొత్తది కొనమంటున్నారు. నిజమేనా?

జవాబు: తొందరపడకండి. ఇది చాలాసార్లు కెపాసిటర్ జబ్బు. మోటారుకు మొదటి ఊపు ఇచ్చేది అదే. మెయిన్ ఆపి, టెస్టర్‌తో సరిచూసుకుని, రాడ్డు దగ్గరి గిన్నె జరిపితే చిన్న ప్లాస్టిక్ డబ్బా కనిపిస్తుంది. దాని మీద సాధారణంగా 2.5 మైక్రోఫారడ్, 440 వోల్టులు అని ఉంటుంది. విప్పేముందు ప్లాస్టిక్ పిడి ఉన్న స్క్రూడ్రైవర్‌తో దాని రెండు కొసలనూ కలిపి ఛార్జ్ దించాలి. అదే విలువున్న కొత్తది వేయండి. స్పీడు పెరుగుతుందని కొందరు 4 మైక్రోఫారడ్‌ది వేయించుకుంటారు. కాయిల్ వేడెక్కి అప్పుడు నిజంగానే మోటారు పోవచ్చు!

కొత్తది వేసినా అంతే ఉంటే మోటారులో మొదటి ఊపుకు పనిచేసే తీగచుట్ట (స్టార్టింగ్ వైండింగ్) తెగి ఉండొచ్చు. కరెంటు లేనప్పుడు చేత్తో తిప్పితే గరగరమంటే బేరింగులు అరిగినట్టు. తక్కువ కరెంటుతో నడిచే బీఎల్‌డీసీ రకం ఫ్యాన్లకు ఈ కెపాసిటర్ లెక్క వర్తించదు.

ప్రశ్న: మిక్సీ నడుస్తూ నడుస్తూ ఆగిపోయింది. పారేయాలా?

జవాబు: అడుగున ఎర్ర బటన్ ఉంటే, జార్ ఖాళీ చేసి, చల్లారాక నొక్కండి. అది ఓవర్‌లోడ్ స్విచ్. ఆ బటన్ మళ్లీ మళ్లీ ఎగురుతుంటే జార్ బ్లేడు బిగుసుకుందేమో చూడాలి. ఆగడానికి ముందు లోపల నిప్పురవ్వలు ఎక్కువగా కనిపించి ఉంటే మోటారుకు కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగి ఉండొచ్చు. జతగానే మార్పించండి.

ప్రశ్న: అటక మీద పాత మైక్రోవేవ్, ఉబ్బిన ఫోన్ బ్యాటరీ, సీఎఫ్‌ఎల్ బల్బులు, పాత ఫ్రిజ్ ఉన్నాయి. ఏం చేయాలి?

జవాబు: మైక్రోవేవ్‌ను ఇంట్లో విప్పొద్దు. ప్లగ్ తీసేశాక కూడా కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత ఛార్జ్ ఉండొచ్చు. ఉబ్బిన బ్యాటరీని ఛార్జ్ చేయొద్దు, పొడవొద్దు, నొక్కొద్దు. పొడి ఇసుక పోసిన లోహపు డబ్బాలో విడిగా ఉంచి, ఈ-వ్యర్థాలు (పాడైన ఎలక్ట్రానిక్ సామాన్లు) తీసుకునేవాళ్లకు అప్పగించండి. చెత్తబుట్టలో పడితే చెత్తబండిలోనే నలిగి అంటుకోవచ్చు. సీఎఫ్‌ఎల్‌లో పాదరసం ఉంటుంది కాబట్టి పగలకుండా అట్టపెట్టెలో ఇవ్వాలి. పొరపాటున పగిలితే కిటికీలు తెరిచి, ముక్కలను గట్టి అట్టతో ఎత్తాలి, వాక్యూమ్ క్లీనర్ వాడొద్దు.

ఫ్రిజ్ పైపు మీరే కోయకండి, కొన్నింటిలో మండే గ్యాస్ ఉంటుంది. ఈ-వ్యర్థాలవాళ్లొచ్చి తీసుకెళ్లేదాకా తలుపు ఊడదీసి ఉంచండి. ఆటల్లో పిల్లలు లోపలికి దూరితే తలుపు మూసుకుని ఊపిరాడదు.